రంగులు నిలిచాయి, ముఖం మారింది: ఒక బేస్‌బాల్ జట్టు గుర్తు కథ



ఏ ఆటలోనైనా జట్టుకు ఒక పేరు, ఒక రంగు, ఒక గుర్తు ఉంటాయి. దూరాన కూర్చున్న ప్రేక్షకుడు మనవాడెవడో, ఎదుటి జట్టువాడెవడో పోల్చుకునేది రంగును బట్టే. కొంతకాలానికి ఆ రంగు ఊరి రంగైపోతుంది. తండ్రి పెట్టుకున్న టోపీని కొడుకు పెట్టుకుంటాడు. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఆ టోపీ మీది గుర్తు మరొక జాతి ప్రజల ముఖమైతే? ఆ ప్రజలే వచ్చి, ఇది మమ్మల్ని వెక్కిరించే బొమ్మ, తీసివేయండి అని అడిగితే? అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరపు బేస్‌బాల్ జట్టుకు ఈ ప్రశ్న ఎదురైంది. జవాబు తేలడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఆ చరిత్రను ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

క్లీవ్‌లాండ్ ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న పారిశ్రామిక నగరం. బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం లాంటి ఆట. బంతిని గుండ్రటి కర్రతో కొట్టి, నాలుగు మూలలూ చుట్టివస్తే ఒక పరుగు. 1901లో అమెరికన్ లీగ్ ప్రధాన పోటీల స్థాయికి వచ్చినప్పుడు అందులో ఉన్న ఎనిమిది జట్లలో క్లీవ్‌లాండ్ ఒకటి. ఆటగాళ్లు నీలిరంగు దుస్తులు వేసుకోవడం వల్ల జనం దానిని ‘బ్లూస్’ అన్నారు. అంటే ఈ జట్టుకు మొదటి పేరు ఇచ్చింది రంగే. 1902లో ‘బ్రాంకోస్’ అన్నారు, మచ్చిక కాని గుర్రాలని అర్థం. 1903 నుంచి ‘నాప్స్’ అయింది. నెపోలియన్ లాజ్వే అనే గొప్ప ఆటగాడి ముద్దుపేరు అది. ఒక మనిషి పేరు మీద నడిచే జట్టుకు ఆ మనిషి వెళ్లిపోతే పేరు మిగలదు కదా! 1914లో జట్టు 102 ఆటలు ఓడిపోయింది. ఆ తర్వాత లాజ్వే ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాడు. కొత్త పేరు వెదకవలసి వచ్చింది.

1915 జనవరిలో జట్టు యజమాని చార్లెస్ సోమర్స్ ఆ పని ఊరిలోని పత్రికల క్రీడా విలేఖరులకు అప్పగించాడు. వారు ‘ఇండియన్స్’ అన్న పేరు ఎంపిక చేశారు. శ్రోతలు ఇక్కడ పొరబడవద్దు. ఈ ఇండియన్లు మనం కాదు. భారతదేశానికి దారి వెదుకుతూ 1492లో అమెరికా దీవులకు చేరిన కొలంబస్, అక్కడి ప్రజలను ఇండియన్లు అనుకున్నాడు. ఆ పొరపాటే పేరుగా నిలిచిపోయింది. మనం కూడా చాలాకాలం వారిని రెడ్ ఇండియన్లు అంటూ వచ్చాం. నిజానికి వారు వందలాది వేర్వేరు జాతులవారు. ఎవరి భాష వారిది, ఎవరి పేరు వారిది.

ఆ పేరు వెనుక ఒక కథ చెప్పేవారు. లూయీ సాకలెక్సిస్ అనే ఆదివాసి ఆటగాడి గౌరవార్థం జట్టుకు ఆ పేరు పెట్టారని ఆ కథ. సాకలెక్సిస్ మెయిన్ రాష్ట్రానికి చెందిన పెనాబ్‌స్కాట్ జాతివాడు. 1897 నుంచి 1899 వరకు క్లీవ్‌లాండ్‌లోనే ఆడాడు. అయితే అది వేరే జట్టు, దాని పేరు ‘స్పైడర్స్’. 1899తోనే ఆ జట్టు మూతపడింది. సాకలెక్సిస్ 1913లో మరణించాడు. 1915 నాటి పత్రికల్లో అతని ప్రస్తావన ఉన్నమాట నిజమే. కాని అంతకు ముందు ఏడాదే బోస్టన్ ‘బ్రేవ్స్’ జట్టు అనూహ్యంగా ప్రపంచ సిరీస్ గెలిచింది. ఆదివాసి వీరుల పేరు అప్పటికి జనం నోట్లో నానుతోంది. ఆ ప్రభావమూ క్లీవ్‌లాండ్ మీద ఉందని చరిత్రకారులు అంటారు. ఇక సాకలెక్సిస్ ఆడుతున్న రోజుల్లో అతనికి దక్కిన గౌరవం ఏపాటిది? అతను మైదానంలోకి వస్తే ప్రేక్షకులు యుద్ధపు కేకలను అనుకరిస్తూ గోలచేసేవారు. గౌరవం అన్న మాట చెప్పుకునేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇక బొమ్మ సంగతి. 1946లో బిల్ వెక్ అనే ఉత్సాహవంతుడు జట్టును కొన్నాడు. జనాన్ని మైదానానికి రప్పించడంలో సిద్ధహస్తుడు. కొత్త గుర్తు కావాలని ఒక చిన్న సంస్థను అడిగితే, అక్కడ పనిచేస్తున్న వాల్టర్ గోల్డ్‌బాక్ అనే పదిహేడేళ్ల కుర్రవాడు గీసి ఇచ్చాడు. పసుపుపచ్చని ముఖం, పెద్ద ముక్కు, ఇకిలించే పళ్లు, తలలో ఒక ఈక. 1947లో అది జట్టు గుర్తయింది. 1951లో దానిని మార్చి గీశారు. ముక్కు చిన్నదైంది, నవ్వు పెద్దదైంది, ముఖం ఎర్రబడింది. జట్టు రంగుల్లో ఒకటైన ఎరుపు ఆ ముఖానికి ఎక్కింది. దానికి ‘చీఫ్ వాహూ’ అన్న పేరు స్థిరపడింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఇదే బిల్ వెక్, అదే 1947 జులైలో లారీ డోబీని జట్టులోకి తీసుకున్నాడు. అమెరికన్ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు డోబీయే. ఒక జాతి మనిషికి తలుపు తెరిచిన ఏడాదే, మరొక జాతి మనిషిని బొమ్మగా చేసి నవ్వుకున్నారు. ఒక అన్యాయాన్ని చూడగలిగిన కన్ను, పక్కనున్న మరొకదాన్ని చూడలేకపోయింది.

1948లో క్లీవ్‌లాండ్ ప్రపంచ సిరీస్ గెలిచింది. ఆ విజయానందం ఆ బొమ్మకు అంటుకుంది. 1962లో స్టేడియం మీద 28 అడుగుల చీఫ్ వాహూను నిలబెట్టారు. 1994లో జట్టు కొత్త మైదానానికి మారింది. 1995 నుంచి 2001 వరకు వరుసగా 455 ఆటలకు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఊళ్లో ఎవరి నెత్తిమీద చూసినా ఆ టోపీయే. కాబట్టి అభిమానులు ఆ బొమ్మను విడువలేకపోవడానికి కారణం ద్వేషం అనుకోనక్కరలేదు. నాన్నతో కలిసి చూసిన ఆట, గెలిచిన నాటి సంబరం, అన్నీ వారికి ఆ బొమ్మలోనే కనబడేవి.

కాని ఆదివాసులకు అందులో మరొకటి కనబడింది. వారి సంస్కృతిలో ఈకకు పవిత్రస్థానం ఉంది. దానిని కార్టూన్ తలలో గుచ్చి అమ్ముతున్నారు. 1972లో క్లీవ్‌లాండ్‌లోని ఆదివాసుల కేంద్రం తరఫున రస్సెల్ మీన్స్ ప్రభృతులు కోర్టుకు వెళ్లారు. ఆ తర్వాత ఏటేటా సీజన్ మొదటి ఆటనాడు స్టేడియం బయట నిరసన తెలిపేవారు. వారు గుప్పెడుమంది, లోపలికి వెళ్లేవారు వేలమంది. 2005లో అమెరికన్ మనస్తత్వశాస్త్ర సంఘం, ఆదివాసుల పేర్లూ బొమ్మలూ ఆటల గుర్తులుగా వాడటం మానాలని తీర్మానించింది. అలాంటి బొమ్మలు ఆదివాసి పిల్లల ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తున్నాయని పరిశోధకులు చెప్పారు.

ఈ మాట సరిహద్దు జిల్లాల్లో ఉంటున్న మనకు వివరించి చెప్పనక్కరలేదు. తమిళనాడులో తెలుగువాణ్ణి ‘గొల్టి’ అని పిలిస్తే అనేవారికి అది సరదా, పడేవారికి చురుక్కుమంటుంది. సరదాకే అన్నామని చెప్పినంత మాత్రాన ఆ చురుకు తగ్గదు.

చివరకు 2018 జనవరిలో నిర్ణయం వచ్చింది. 2019 సీజన్ నుంచి ఆటగాళ్ల దుస్తుల మీద చీఫ్ వాహూ ఉండదని ప్రకటించారు. అయితే ఆ గుర్తు మీద హక్కు పోకుండా ఉండేందుకు కొద్దిపాటి సరుకు అమ్మకం సాగించారు. వాడకం పూర్తిగా మానేస్తే ఎవరైనా దానిని సొంతం చేసుకోవచ్చు. ఎంత వింత! బొమ్మను వదిలించుకోవాలన్నా, దాని హక్కును పట్టుకుని ఉండవలసి వచ్చింది.

పేరు ఇంకా మిగిలింది. 2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసుల చేతిలో మరణించిన తర్వాత దేశమంతటా ఆందోళన రేగింది. ఆ వేడిలో జట్టు తన పేరు గురించి ఆలోచించింది. అదే ఏడాది డిసెంబరులో మారుస్తామంది. 2021 జులైలో ‘గార్డియన్స్’ అన్న కొత్త పేరు ప్రకటించింది. ఆ పేరుతోనే ఒక స్కేటింగ్ జట్టు అప్పటికే ఊళ్లో ఉండటంతో వ్యాజ్యం నడిచి, రాజీ కుదిరి, ఆ నవంబరులో పేరు అమల్లోకి వచ్చింది.

ఈ గార్డియన్లు ఎవరు? స్టేడియం దగ్గరే 1932లో కట్టిన ఒక పెద్ద వంతెన ఉంది. దాని రెండు కొసలా, గుడి వాకిట ద్వారపాలకుల్లా, ఇసుకరాతిలో చెక్కిన సుమారు 43 అడుగుల ఎత్తు విగ్రహాలు ఎనిమిది ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క వాహనాన్ని చేతపట్టుకుని ఉంటుంది: గడ్డిబండి, గూడుబండి, మోటారు కారు, ట్రక్కు, ఇలా. వీటిని రాకపోకల రక్షకులు అంటారు. శిల్పి హెన్రీ హెరింగ్. ఆ పనిలో పాల్గొన్న రాతిపనివారిలో ప్రసిద్ధ హాస్యనటుడు బాబ్ హోప్ తండ్రి కూడా ఉన్నాడు. అందుకే 1983లో ఆ వంతెనకు హోప్ స్మారక వంతెన అని పేరు పెట్టారు. కొత్త గుర్తులో ‘జి’ అక్షరానికి ఉన్న రెక్కలు ఆ విగ్రహాల శిరస్త్రాణాల నుంచి తీసుకున్నవే.

శ్రోతలు గమనించవలసిన విషయం ఒకటుంది. ఎరుపు, ముదురు నీలం, తెలుపు రంగులు మారలేదు. ఇండియన్స్, గార్డియన్స్ అన్న రెండు మాటల చివరి శబ్దం కూడా ఒకటే. పాత అభిమాని కొత్త జెర్సీ తొడుక్కుంటే దూరం నుంచి తేడా వెంటనే తెలియదు. ఊరివారికి నిజంగా తమవైన వాటిలో పోయింది చాలా కొంచెం. పోయింది ఎన్నడూ తమది కాని ముఖం. దాని బదులు తమ ఊరి పనివారు చెక్కిన రాయి గుర్తుగా వచ్చింది.

అందరూ సంతోషించలేదు. ఈనాటికీ పాత టోపీ పెట్టుకుని మైదానానికి వచ్చేవారు ఉన్నారు. అట్లాంటాలో ‘బ్రేవ్స్’ జట్టు పాత పేరుతోనే ఆడుతోంది. వాదం పూర్తిగా ముగియలేదు. అయినా, ఒక గుర్తు మంచిదా చెడ్డదా అని తేల్చేటప్పుడు దానిని ధరించినవారిని అడిగితే చాలదని, అందులో ఎవరి బొమ్మ ఉందో వారిని కూడా అడగాలని క్లీవ్‌లాండ్ చరిత్ర చెబుతోంది. అడగడానికి యాభై ఏళ్లు పట్టకుండా ఉంటే ఇంకా బాగుండేది.