ఆహార కాల్షియం – అధిక రక్తపోటు

తిండిలో కాల్షియం తక్కువైతే రక్తపోటు పెరిగే అవకాశం ఉందన్న ఆలోచన 1980లలో బలపడింది. వినడానికి వింతగా ఉన్నా, కాల్షియం లోపిస్తే రక్తనాళాల కండర కణాల్లోకి అదే కాల్షియం ఎక్కువగా చేరుతుంది. లోటు పూడ్చేందుకు పెరిగే పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్-డి చురుకు రూపం ఇందుకు కారణమని భావిస్తారు. అప్పుడు నాళాలు బిగుసుకుంటాయి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కణాల్లోకి కాల్షియం రాకను అడ్డుకుంటుంది. అంతమాత్రాన ఆ మాత్ర వేసుకునేవారు పాలు, పెరుగు మానక్కర్లేదు.

ప్రయోజనం మాత్రం పరిమితమే. కాల్షియం పెంచితే రక్తపోటు పై అంకె (సిస్టోలిక్) సగటున 1–2 మి.మీ. తగ్గుతుంది. ఉప్పు తగ్గించడంతో దీన్ని పోల్చలేం. గర్భిణుల సంగతి వేరు: కాల్షియం తక్కువ తినే ప్రాంతాల్లో ప్రీఎక్లాంప్సియా (గర్భంలో రక్తపోటు పెరిగే సమస్య) నివారణకు రోజుకు 1.5–2 గ్రాములు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు రోజుకు 1,000 మి.గ్రా. కాల్షియం సిఫారసు చేసింది, అంతకుముందు అది 600. నిజామాబాద్ జిల్లాలోని చందూర్, వర్ణి, బోధన్ వంటి వరి ప్రాంతాల్లో అన్నంతోనే ఈ అవసరం తీరదు. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో కాల్షియం 10 మి.గ్రా. లోపే, జొన్నల్లో సుమారు 28, గేదెపాలలో 120, రాగుల్లో 360. నువ్వుల్లో వెయ్యికి పైనే గానీ పిడికెడు మించి తినం. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు వైద్యుణ్ని అడగకుండా కాల్షియం మాత్రలు వాడకూడదు.