చిత్తకార్తెకు ముందే

ఖమ్మం, భద్రాచలం అడవి అంచు రైతుకు పశువుకు విత్తు కొట్టించడం కొత్తేమీ కాదు. కోడె అరకకు లొంగాలంటే తరతరాలుగా అదే దారి. పూర్వం విత్తుల్ని నలగ్గొట్టేవారు, పశువు విలవిల్లాడేది. తర్వాత ఇటలీలో తయారైన బర్డిజో పటకారు మన పశువుల ఆసుపత్రులకు చేరింది. తోలు తెగదు, నెత్తురు చుక్క రాలదు. లోపలి నరం మాత్రం నలిగిపోతుంది. కోడెను ఆసుపత్రి దాకా తోలుకెళ్లిన రైతు వాకిట్లోని కుక్క గురించి మాత్రం ఆ ఆలోచన చేయలేదు.

కుక్కలు పెరిగితే సర్కారుకు తెలిసిన ఉపాయం చంపడమే. భద్రాచలం 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. ఆ మద్రాసు నగరంలో 19వ శతాబ్దం నుంచే కుక్కల్ని పట్టి చంపేవారు. ఫలితం సున్నా. ఖాళీ అయిన వీధిలోకి పక్కవీధి కుక్కలు వచ్చేవి, దొరికే తిండితో వాటి పిల్లలు బతికేవి. కరిపించుకున్నవాడికి బొడ్డు చుట్టూ ఇంజక్షన్లు తప్పేవి కావు.

1959లో మద్రాసులో కెప్టెన్ వి. సుందరం బ్లూ క్రాస్ అనే జంతు సంక్షేమ సంస్థ స్థాపించారు. చంపకండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదలండి అని ఆ సంస్థ 1960ల నుంచే అడుగుతూ వచ్చింది. నగరపాలక సంస్థ ఒప్పుకున్నది 1996లో! ఆ మూడు దశాబ్దాల్లో పోయిన ప్రాణాలను తలచుకుంటే బాధ కలుగుతుంది. ఈలోగా 1992లో అక్కినేని అమల హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ మొదలుపెట్టారు. 2001లో కేంద్రం జంతు సంతాన నియంత్రణ నిబంధనలు తెచ్చింది: వీధికుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదలాలి. కనీసం నూటికి 70 కుక్కలకు చేస్తేనే సంఖ్య అదుపులోకి వస్తుంది.

అయితే వీధికుక్క ఆకాశం నుంచి ఊడిపడదు. కుక్కలు ఎదకొచ్చే చిత్తకార్తెలో కట్టు తెంచుకుపోయిన పెంపుడు కుక్క, 63 రోజులకు ఈనిన పిల్లలు, ఊరి చివర వదిలేసిన గోనెసంచి: దాని పుట్టుక ఇక్కడే. అందుకే 2001 నిబంధనల్లోనూ, 2023 నాటి కొత్త నిబంధనల్లోనూ పెంపుడు జంతువుకు ఆపరేషన్ చేయించే బాధ్యత యజమానిదే అన్నారు. నాకు ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. లాభం ఆ ఇంటికీ ఉంది. మొదటి ఎదకు ముందే చేయిస్తే ఆడకుక్కకు రొమ్ముగడ్డల ముప్పు చాలా తగ్గుతుంది, గర్భసంచిలో చీము పట్టే జబ్బు దాదాపు ఉండదు. మగకుక్క ఎదకుక్క కోసం ఊళ్లు పట్టి తిరగడం, కొట్లాడి గాయాలు తెచ్చుకోవడం తగ్గుతాయి.

ఇక్కడ అడవికీ అంతే లాభం. పాల్వంచ దగ్గర 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం ఉంది. అదుపులేని కుక్కలు దుప్పుల్ని తరుముతాయి, రేబిస్‌నూ డిస్టెంపర్ అనే వైరస్ జబ్బునూ నక్కలకూ చిరుతలకూ అంటించగలవు. 1994లో టాంజానియాలోని సెరెంగెటీ సింహాల్లో మూడోవంతు డిస్టెంపర్‌తో చచ్చిపోయాయి. ఆ జబ్బు చుట్టుపక్కల ఊరి కుక్కల నుంచే వచ్చిందని శాస్త్రవేత్తల అంచనా.

మరి ఈ ఆపరేషన్లు ఎవరు చేయించాలి? ఖమ్మానికి నగరపాలక సంస్థ ఉంది. భద్రాచలం మాత్రం ఇంత పెద్ద ఊరైనా గ్రామపంచాయతీయే. పంచాయతీ డబ్బుతో ఆపరేషన్ గది, బోనులు, శిక్షణ పొందిన డాక్టరు సమకూరడం కష్టం. జిల్లా పశుసంవర్ధక శాఖ ఏటా భాద్రపదంలోనే, చిత్తకార్తె రాకముందే, కోయగూడేల దాకా శిబిరాలు తీసుకెళ్లాలి. పొలం కాపలా కుక్కను అప్పగించిన ఇంటికి పుండు మానేదాకా మందులు, కట్టు ఉచితంగా ఇవ్వాలి.