రూర్ బొగ్గు గనులు: ఐరోపా ఆర్థిక విధానాల పూర్వచరిత్ర

జర్మనీ పశ్చిమ భాగంలో రైన్ నదిలో కలిసే రూర్ అనే చిన్న ఉపనది పేరుతోనే డూయిస్‌బర్గ్, ఎస్సెన్, బోఖుమ్, డోర్ట్‌మండ్ నగరాలున్న ప్రాంతాన్నంతా పిలుస్తారు. ధరలను అదుపులో ఉంచడం, దేశాల మధ్య ఉమ్మడి మార్కెట్‌ను నడపడం, భూతాపాన్ని తగ్గించడం అనే మూడు అంశాలపై నేడు ఐరోపాలో సాగుతున్న వాదాలు వేర్వేరు శాఖలకు చెందినవిగా కనిపిస్తాయి గాని, ఆ మూడింటి మూలాలూ ఈ ప్రాంతపు బొగ్గు పొరల్లోనే పెనవేసుకొని ఉన్నాయి.

రూర్ నది ఒడ్డున బొగ్గు నేలకు దగ్గరగా దొరికేది కాబట్టి రైతులు దానిని ఏనాటి నుంచో తవ్వుకుంటూ ఉండేవారు. అయితే 1830ల్లో సున్నపు మట్టి పొరను ఛేదించి లోతైన బావులు దింపడం సాధ్యమయ్యాకే, ఇనుము కరిగించే కొలుములకు కావలసిన కోక్, అంటే గాలి తగలకుండా బాగా వేడిచేసి మలినాలు పోగొట్టిన బొగ్గు, పెద్ద ఎత్తున అందింది. 1850 ప్రాంతంలో పదివేల మందైనా లేని ఎస్సెన్ జనాభా 1910 నాటికి మూడు లక్షలకు చేరువైంది. ఆ వచ్చినవారిలో తూర్పు ప్రష్యా, పోజెన్ ప్రాంతాల నుంచి తరలివచ్చిన పోలిష్ మాట్లాడే కూలీలు చాలామంది. గని పైభాగాన ‘కావే’ అనే దుస్తుల గది ఉండేది. ప్రతి కార్మికుడూ తన బట్టలను కొక్కేనికి తగిలించి, గొలుసు లాగి పైకప్పుదాకా ఎత్తి తాళం వేసుకొనేవాడు. పైకి లేచే వేడిగాలికి తడి బట్టలు ఆరేవి, గది నేల ఖాళీగా ఉండేది. ఏ భాష మాట్లాడేవాడైనా, షిఫ్టు ముగిశాక ఒకే మసి కడుక్కొని అదే గదిలోంచి బయటికి వెళ్లవలసిందే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ, యుద్ధ పరిహారం కింద ఇవ్వవలసిన బొగ్గు, కలప సక్రమంగా పంపలేదన్న కారణంతో 1923 జనవరి 11న ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు రూర్‌లోకి ప్రవేశించాయి. కార్మికులు పని మానేశారు, రైల్వే ఉద్యోగులు సహాయ నిరాకరణ చేశారు, వారి జీతాలను బెర్లిన్ ప్రభుత్వం నోట్లు అచ్చువేసి చెల్లించింది. నిజానికి మార్కు విలువ యుద్ధకాలపు అప్పులతోనే పడిపోవడం మొదలైంది, కనుక నేరమంతా రూర్ మీద మోపడం న్యాయం కాదు. అయినా బొగ్గు నుంచి వచ్చే రాబడి ఆగిపోయి ఖర్చు మాత్రం పెరిగిన ఆ ఏడాదిలోనే పతనం పూర్తయింది. యుద్ధానికి ముందు డాలరుకు 4.2 మార్కులు ఉండగా, 1923 నవంబరులో డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులయ్యాయి. బ్యాంకులో దాచుకున్న మధ్యతరగతి సొమ్ము కళ్లముందే ఆవిరైపోయిన ఆ జ్ఞాపకమే, 1957లో ఏర్పడిన బుండెస్‌బ్యాంకు అనే జర్మన్ కేంద్ర బ్యాంకు ప్రభుత్వ ఒత్తిడికి లొంగకుండా ధరల స్థిరత్వాన్ని కాపాడాలన్న పట్టుదలకు బలమిచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1998లో నెలకొన్న ఐరోపా కేంద్ర బ్యాంకు కూడా ఆ నమూనానే చాలావరకు స్వీకరించింది.

రెండో యుద్ధం ముగిశాక, రూర్‌ను తిరిగి ఆయుధాల కొలిమి కానివ్వరాదన్న ఆలోచనతో ఫ్రెంచి విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్, ఫ్రెంచి ప్రణాళికాధికారి జాన్ మోనే సిద్ధం చేసిన ప్రతిపాదనను 1950 మే 9న ప్రకటించాడు. ఆ ప్రకారం ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ 1951లో పారిస్ ఒప్పందం చేసుకొని, తమ బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఏ ఒక్క ప్రభుత్వానికీ లోబడని ఉమ్మడి అధికార సంస్థ కిందికి తెచ్చాయి. ఆ సంస్థ బొగ్గు, ఉక్కు ఉత్పత్తిపై నేరుగా సుంకం వసూలు చేసి, దానిలో కొంత భాగాన్ని పని కోల్పోయే కార్మికుల పునరావాసానికి కేటాయించింది. ఉమ్మడి మార్కెట్ తెచ్చే నష్టాన్ని కూడా ఉమ్మడిగానే భరించాలన్న ఈ నియమం, ఒప్పందంలోని తక్కిన అంశాలన్నిటికంటే దూరదృష్టి గలది.

ఆ నియమం అవసరం త్వరలోనే వచ్చింది. 1957లో పశ్చిమ జర్మనీ రాతిబొగ్గు గనుల్లో దాదాపు 6 లక్షల మంది పనిచేస్తుండగా, మరుసటి ఏడాది నుంచే చవక చమురు, అమెరికా బొగ్గు మార్కెట్‌ను ముంచెత్తడంతో గని ముంగిట బొగ్గు గుట్టలుగా పేరుకుపోయింది. 1968లో మిగిలిన గనుల్లో అధిక భాగాన్ని రూర్‌కోలె అనే ఒకే సంస్థలో విలీనం చేశారు. 1975 నుంచి ‘బొగ్గు పైస’ పేరుతో ప్రతి ఇంటి కరెంటు బిల్లు మీదా అదనపు మొత్తం వసూలు చేసి స్వదేశీ బొగ్గును నిలబెట్టారు. 1994లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదని తీర్పు చెప్పాక రాయితీల భారం ఖజానా మీద పడింది. యాభై ఏళ్ల ప్రాయంలోనే భూగర్భ కార్మికులకు ముందస్తు విరమణ భృతి ఇచ్చారు, బోఖుమ్‌లో 1965లో విశ్వవిద్యాలయం తెరిచారు. పాత గని స్థలంలో వెలసిన ఓపెల్ కార్ల కర్మాగారం కూడా 2014లో మూతపడింది కాబట్టి, ఈ మార్పిడి ఆసాంతం విజయమని అనలేము. రూర్‌లోని చివరి గని అయిన బోట్రోప్ పట్టణపు ప్రాస్పర్ హానియెల్ 2018 డిసెంబరు 21న ఆగినప్పుడు, ఆఖరి బొగ్గు పెళ్లను కార్మికులు దేశాధ్యక్షుడు ష్టైన్‌మాయర్ చేతికి అందించారు.

ఈ నిష్క్రమణను వాతావరణ విధానంగా చెప్పుకోవడం పొరపాటు. గనులు మూతపడింది ఖర్చు గిట్టక. విద్యుత్ కేంద్రాలు మాత్రం 2022 దాకా రష్యా బొగ్గును కాల్చాయి, అమెరికా, కొలంబియాల బొగ్గును ఇంకా కాలుస్తూనే ఉన్నాయి. పొగకు ఐరోపా సమాఖ్య అంతటా ధర కట్టడం 2005లో అది తెచ్చిన ఉద్గార అనుమతుల వ్యాపారంతో మొదలైంది. కర్మాగారాలు వదిలే ప్రతి టన్ను బొగ్గుపులుసు వాయువుకూ ఒక అనుమతి పత్రం ఉండాలి, ఆ పత్రాల సంఖ్య ఏటేటా తగ్గుతుంది, కొరత పెరిగినకొద్దీ ధర పెరుగుతుంది. 2023 ఫిబ్రవరిలో ఆ ధర తొలిసారి టన్నుకు 100 యూరోలు దాటింది. అంతకుముందు ఏడాది ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా గ్యాసు కరవై, యూరో దేశాల్లో ద్రవ్యోల్బణం అక్టోబరులో 10.6 శాతానికి చేరగా, ఐరోపా కేంద్ర బ్యాంకు 2023 సెప్టెంబరు నాటికి తన డిపాజిట్ వడ్డీ రేటును 4 శాతానికి పెంచింది. గాలిమరలు, సౌర ఫలకాల ఖర్చు దాదాపు అంతా ఆరంభంలోనే అప్పు తెచ్చి పెట్టవలసినది కనుక, ఇంధన ధరల వల్ల పుట్టిన ద్రవ్యోల్బణానికి వేసిన మందు, ఆ ఇంధనం నుంచి బయటపడే దారినే ఖరీదు చేసిందని విమర్శకులు అంటున్నారు. ధరల స్థిరత్వం తప్ప మరో బాధ్యతను బ్యాంకు నెత్తిన పెడితే 1923 పాఠం మరచినట్టేనని ఎదుటి పక్షం వాదిస్తోంది. అయితే 1923లో ధరలు చేయి దాటడానికీ, 2022లో పెరగడానికీ ఇంధన సరఫరా తెగిపోవడం ఒక ముఖ్య కారణమన్న సంగతిని ఇరుపక్షాలూ తగినంతగా పట్టించుకోవడం లేదు.

గనుల కింద నేల కుంగి, ఎస్సెన్ పరిసరాల్లో కొన్నిచోట్ల ఇరవై మీటర్లకు పైగా దిగిపోయింది. నీటిని పంపులతో నిరంతరం తోడకపోతే ఊళ్లు చెరువులవుతాయి, గనుల్లోని ఉప్పునీరు తాగునీటి పొరలకు చేరుతుంది. ఈ పనికి కావలసిన సొమ్మును, అధికారికంగానే ‘శాశ్వత వ్యయం’ అనే పేరుతో, 2007లో నెలకొల్పిన ఆర్‌ఏజీ (పాత రూర్‌కోలె) ఫౌండేషన్ 2019 నుంచి భరిస్తోంది. రూర్ బొగ్గు అమ్ముడైన కాలమంతటిలో దాని ధరలో ఈ ఖర్చును చాలినంతగా కలిపిన రోజు ఒక్కటీ లేదు.