నేలలో నిండుగా, నారులో లోటుగా: నిజాంసాగర్ ఆయకట్టులో ఇనుము, సేంద్రియ పదార్థం

మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్ పరిసరాలను వరి సీమగా మార్చింది. ఈ ఆయకట్టులో నల్లరేగడి, చెల్క రెండూ ఉన్నాయి. చెల్క అంటే ఎర్ర నేల; ఆ ఎరుపు ఇనుప ఆక్సైడ్ల వల్లే వచ్చింది. నేల బరువులో ఇనుము 2 శాతమే అనుకున్నా, ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టిలో దాదాపు 18 టన్నులు ఉంటుంది. పంట తీసుకునేది కొద్ది కిలోలే. అయినా నీరు నిలవని నారుమడిలో, పొడి దుక్కిలో వెదజల్లిన వరిలో ఇనుము అందక లేత ఆకులు పాలిపోతాయి. ముందు ఈనెల మధ్య పసుపు, ఆపైన ఆకంతా తెలుపు. నత్రజని లోపమైతే ముదురు ఆకులతో మొదలవుతుంది కాబట్టి ఈ రెండింటినీ పొలంలోనే వేరు చేయవచ్చు. యూరియా చల్లితే ఈ పసుపు పోదు.

లోటు ఇనుములో లేదు, అది కరగడంలో ఉంది. ఉదజని సూచిక (పీహెచ్) ఒక్క అంకె పెరిగితే ఫెర్రిక్ ఇనుము కరిగే గుణం దాదాపు వెయ్యి రెట్లు పడిపోతుంది. సున్నం పాలు ఎక్కువైన రేగడిలో సూచిక 8 దాటితే వేరుకు అందేది నామమాత్రం. మొక్క కూడా ఊరుకోదు. ఓట్లు, వరి వేళ్లు ఇనుమును పట్టుకునే పదార్థాలను విడుదల చేస్తాయని జపాన్ శాస్త్రవేత్త టకాగి 1976లో చూపారు. అయితే బార్లీతో పోలిస్తే వరి విడుదల చేసేది చాలా తక్కువ. ఆ కొరత తీర్చేది సేంద్రియ పదార్థమే. మాగిన ఎరువులోని హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలు, సిట్రిక్ వంటి చిన్న ఆమ్లాలు ఇనుమును చీలేట్లుగా పట్టి, తుప్పుగా గడ్డకట్టకుండా వేరు దాకా చేరుస్తాయి.

నీరు నిలిచిన మడిలో కథ వేరు. గాలి అందని సూక్ష్మజీవులు సేంద్రియ కర్బనాన్ని తింటూ ఫెర్రిక్ ఇనుమును కరిగే ఫెర్రస్‌గా మారుస్తాయి. నాటు వేశాక నారు తేరుకోవడానికి ఇదొక ప్రధాన కారణం. కర్బనం లేని మట్టిలో ఎంత నీరు పెట్టినా ఈ మార్పు మందకొడిగానే సాగుతుంది. అందుకే హార్వెస్టర్ కోత తర్వాత గడ్డికి నిప్పు పెట్టడం నాకు పెద్ద నష్టంగా తోస్తుంది.

సేంద్రియమంటే ఏదైనా ఎప్పుడైనా వేయవచ్చని కాదు. సున్నపు నేలలో పచ్చిరొట్ట, పచ్చి పేడ కుళ్లేటప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు బైకార్బనేట్‌గా మారి, ఇనుము వినియోగాన్ని కొన్నాళ్లు అడ్డుకుంటుంది. జీలుగను కలియదున్ని కుళ్లనిచ్చాకే నాటాలి. నారుమడికి మాగిన పశువుల ఎరువే తగినది. మురుగు పోని ఆమ్ల నేలల్లోనైతే ఇనుము మితిమీరి విషమవుతుంది.

అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్) నిమ్మ ఉప్పుతో కలిపి పిచికారీ చేస్తే ఆకు పచ్చబడుతుంది, కాని అప్పటికే ఉన్న ఆకులకే. తర్వాత వచ్చే ఆకు మళ్లీ నేల మీదే ఆధారపడాలి. 2015లో మొదలైన భూసార ఆరోగ్య పత్రంలో ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, ఇనుము మూడూ ఉంటాయి. వ్యవసాయ విస్తరణాధికారులు ఈ మూడు అంకెలనూ కలిపి చదివి, సూచిక ఎక్కువగా, కర్బనం తక్కువగా ఉన్న మడికి అన్నభేది కంటే ముందు మాగిన ఎరువును రాసివ్వాలి.