పొరుగువాని మాటపై దూరము

మెతుకుసీమకు ముఖ్యపట్టణమై, 2022 వరకును రైలుకూత నెరుగని మెదకునకు కాలినడకను వచ్చు బాటసారి, ఎదురైనవాడు చెప్పిన దూరమునకు తన కోసును కలుపుకొని లెక్కించుకొనుట సహజమే. 1924లో ప్రతిష్ఠితమైన చర్చి శిఖరము కంటబడిన పిదపనే ఆ లెక్కకు స్వస్తి. కంప్యూటర్ల జాలములో దారిచూపు రౌటర్ల 'డిస్టెన్స్ వెక్టర్' విధానమును ఇట్టిదే. 1950ల నాటి బెల్‌మన్, ఫోర్డుల గణితమునుండి పుట్టి, తొలుత అర్పానెట్‌లో మెలగి, 1988లో 'రిప్' పేర ప్రమాణపత్రమునకెక్కిన ఈ పద్ధతిలో, ప్రతి రౌటరును 30 సెకనులకొకమారు తన పట్టికను పొరుగువారికి వినిపించును. తాను చూడని దారులను గూర్చి సుమా! చిక్కంతయు నిందే కలదు. తీగ తెగినపుడు, 'నాకు దారి కలదు' అని పొరుగు రౌటరు పలికిన పాతమాటను నమ్మి, దారి తెగిన రౌటరు ఆ దూరమునకొకటి చేర్చి తిరిగి ఆ పొరుగునకే చెప్పును. రౌటరు తెరపై దూరము 3గా, 120/3 అని యున్నది 120/5, 120/7 అగుచుండుటను కన్నులార చూచినవానికి ఊరిలో వదంతి పెరుగు తీరు జ్ఞప్తికి వచ్చును. ఆ దూరము 16 చేరినచో గమ్యము లేనట్లే లెక్క. విన్నమాటను చెప్పినవానికే మరల చెప్పరాదను 'స్ప్లిట్ హొరైజన్' నియమము అందులకే ఏర్పడినది. ఇక పొరుగువాని మాటయే చెవిని పడని చిక్కును కలదు: ఒకవైపు రిప్ మొదటి రూపమును, వేరొకవైపు రెండవదానిని అమర్చి, రెండును ఒకదాని మాట నొకటి వినకున్నవేమని విద్యార్థి తలపట్టుకొనుట ప్రయోగశాలలలో నేటికిని కద్దు.