రావణ వేషం ఎవరిది?

పండుగ సెలవులు గడిచి కళాశాల తెరిచేసరికి మా విద్యార్థులు రెండు పక్షాలుగా చీలి ఉన్నారు. ఇది 2022 అక్టోబరు నాటి మాట. ఊరు మహబూబాబాదు, మేము నేటికీ మానుకోట అనే అంటాము. తగాదా ఫీజుల గురించి కాదు, ఉద్యోగాల గురించి అసలే కాదు. రావణాసురుడి వేషం ఎవరు కట్టాలన్నదాని గురించి. ఆ నెల 2వ తేదీన, దసరాకు సరిగ్గా మూడు రోజుల ముందు, ‘ఆదిపురుష్’ చిత్రపు టీజరును అయోధ్యలో విడుదల చేశారు. రాముడు ప్రభాస్, రావణుడు సైఫ్ అలీఖాన్. పొట్టి జుట్టు, నల్లని గడ్డం, తలమీద కిరీటం లేదు. “ఎస్వీ రంగారావును చూసిన కండ్లతోని దీన్ని చూడాల్నా?” అని ఒక పక్షం. ఆ రంగారావును వీరిలో ఎవరూ థియేటరులో చూసి ఎరుగరు, అది వేరే సంగతి. “కాలం మారింది, రావణుడూ మారుతడు” అని రెండో పక్షం.

అంతవరకూ నాకు వినోదంగానే ఉన్నది. ఇంతలో ఒకడు, “రావణుని లెక్క లేడు, తురకోని లెక్కున్నడు” అన్నాడు. చుట్టూ నవ్వు లేచింది. బల్ల చివర కూర్చున్న ముస్లిం విద్యార్థి పుస్తకాలు సర్దుకుని మెల్లగా లేచిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. చరిత్ర చెప్పే పంతులును. ఏమీ అనలేదు. ఆనాడు అనవలసిన నాలుగు మాటలు ఆలస్యంగా ఇక్కడ రాస్తున్నాను.

వేషం ఎవరికి తగునన్న తగాదా మన సినిమాకు కొత్తది కాదు. అసలు మన సినిమా పుట్టిందే ప్రతినాయకుడితో. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’. హిరణ్యకశిపుడు లేనిదే ఆ కథ లేదు. నాటక సమాజాల నుంచి వచ్చిన ఆనాటి నటులలో దుష్టపాత్రకు కావలసిన ప్రథమ యోగ్యత కంఠం. వేమూరి గగ్గయ్య కంసుడుగా, హిరణ్యకశిపుడుగా పేరు పొందినది ఆ కంఠం మూలాననే. మైకు లేని పందిట్లో చివరి వరసవాడు దడుచుకోవాలి గదా!

నిజమైన వివాదం తారల యుగంలో వచ్చింది. 1957లో కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ తీసి ఎన్.టి.రామారావును శ్రీకృష్ణుణ్ణి చేశాడు. ఆ కృష్ణుడి బొమ్మ ఇళ్లలో దేవుడి గూటికి ఎక్కింది. మరుసటి సంవత్సరమే ‘భూకైలాస్’లో రామారావు రావణుడైనాడు. ఆ రుచి ఆయనను వదలలేదు. సొంత సంస్థలో ‘సీతారామ కల్యాణం’ తలపెట్టి, రావణ వేషం తనకే ఉంచుకుని, దర్శకత్వం వహించమని కె.వి.రెడ్డిని అడిగాడు. తన చేతులతో కృష్ణుణ్ణి చేసినవాణ్ణి రావణుడుగా ఊహించలేనని ఆయన ఒప్పుకోలేదని ప్రసిద్ధం. గురుస్థానంలో ఉన్నవాడు కాదన్న పని శిష్యుడు తానే చేశాడు. 1961 జనవరిలో విడుదలైన ఆ చిత్రంలో దర్శకుడి పేరు వేయలేదు. రాముడు హరనాథ్ అనే కొత్త కుర్రవాడు. చూసిన వారికి గుర్తుండేది రావణుడే: కైలాసం కింద భుజం పెట్టి, పొట్ట చీల్చుకుని, పేగులను తీగెలుగా మీటి శివుణ్ణి మెప్పించే రావణుడు. ఒక్క తెరమీద పది తలలు నిలబెట్టిన ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. రెండేళ్లు దాటాక 1963లో ఆ రామారావే ‘లవకుశ’లో రాముడైనాడు, జనం హారతులు పట్టారు. 1978లో ‘శ్రీరామ పట్టాభిషేకం’లో రాముడూ తానే, రావణుడూ తానే. నడుమ 1977లో ‘దానవీరశూరకర్ణ’ తీసి దుర్యోధనుడికి యుగళగీతం కూడా పెట్టాడు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. రావణుణ్ణి సానుభూతితో చూపినందుకు రామారావు ఎవరికీ క్షమాపణ చెప్పుకోవలసిన అవసరం రాలేదు.

ఇక 2020 డిసెంబరుకు రండి. ఇంకా చిత్రీకరణైనా మొదలు కాకముందే, తమ రావణుణ్ణి మానవీయంగా చూపబోతున్నామనీ, సీతాపహరణానికి శూర్పణఖ అవమానం కారణంగా కనబడుతుందనీ సైఫ్ అలీఖాన్ ఒక పత్రికతో అన్నాడు. ఇది వాల్మీకి చదివిన ఎవరికైనా తెలిసిన సంగతే. దేశం భగ్గుమన్నది. ఆయన మాట వెనక్కు తీసుకుని క్షమించమన్నాడు. రెండేళ్ల తర్వాత బొమ్మ బయటికి వస్తే, రావణుడు అల్లావుద్దీన్ ఖిల్జీలా ఉన్నాడని ఆక్షేపణ. మాట మంచిగా ఉంటే తప్పు, ముఖం చెడ్డగా ఉంటే తప్పు! 1961లో ఒకరికి చెల్లినది 2020లో మరొకరికి చెల్లకపోవడానికి నటనాశక్తిలోని తేడా కారణమని ఎవరైనా అంటే నేను నమ్మను.

దర్శకుడు ఓం రౌత్ నిర్దోషి అని కాదు. అదే నటుణ్ణి అదే దర్శకుడు 2020 నాటి ‘తానాజీ’లో మొగలుల పక్షపు కోటపాలకుడిగా చూపాడు. 2018లో ‘పద్మావత్’ ఖిల్జీని మాంసం పీక్కుతినే మృగంగా తయారుచేసి ఇచ్చింది. అచ్చు సిద్ధంగా ఉన్నది. రావణుణ్ణి అందులో పోశారు. ఆక్షేపించినవారు ఆ అచ్చును ఆక్షేపించలేదు. అందులో పోసిన లోహం తమదని మాత్రమే బాధపడ్డారు. రావణుడు పౌలస్త్యుడు, బ్రాహ్మణుడు, శివభక్తుడు, మావాడు, అతన్ని వాళ్లలాగా చూపుతారా అని! శత్రువును కూడా మనవాడిగా దాచుకోవాలనే ఈ ఆరాటం వింతగా తోచవచ్చు. కాని దీనికి మూలం పాతది. మూలం మా జిల్లాలోనే కనబడుతుంది.

జనగామ జిల్లా పాలకుర్తి పక్కన బమ్మెర ఉన్నది. పోతనామాత్యుడి ఊరుగా మేము గర్వంగా చెప్పుకునే ఊరు. ఆయన తెనిగించిన భాగవతంలో జయవిజయులు వైకుంఠపు ద్వారపాలకులు. శాపవశాన హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా పుట్టి, వైరంతోనే తిరిగి స్వామిని చేరుకుంటారు. అంటే మన పురాణంలో పరమశత్రువు సరిహద్దు దాటి వచ్చినవాడు కాడు, గుమ్మంలో నిలబడిన ఇంటి మనిషి. భూస్వామ్య సమాజం తన దుష్టుణ్ణి తనలోనే చూసుకున్నది; చూసుకుని, అతన్ని గొప్పవాణ్ణి చేసి, మోక్షమిచ్చి పంపింది. ఇది తెలివైన ఏర్పాటు. ప్రభువు చెడ్డవాడైనా వాడి చెడుగు ఒక శాపం, ఒక మోహం, ఒకే ఒక్క బలహీనత. ప్రభుత్వం మాత్రం చెడ్డది కాదు. రామారావు రావణుడి గాంభీర్యంలో నాకు కనబడేది ఈ పాత దర్బారే. ఆ లంకలో సింహాసనం ఉన్నది, వీణ ఉన్నది, నాట్యం ఉన్నది. పన్ను కట్టిన మనిషి ఒక్కడు కనబడడు.

మనవాళ్లు కూడా ఇక్కడ పొరబడ్డారనే చెప్పాలి. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో ‘శంబూకవధ’ రాసి రాముడి రాజ్యంలో ఎవరి తల తెగిందో అడిగాడు. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ 1970లలో ఇల్లిల్లూ కదిపింది. అడగవలసిన ప్రశ్నలే అవి. కాని వాటిని సగం విన్న మా తరం యువకులు కొందరు రాముణ్ణి దించి ఆ పీటమీదే రావణుణ్ణి కూర్చోబెట్టి, విప్లవం అయిపోయిందనుకున్నారు. బంగారు లంక ఎవరి చెమటతో బంగారమైందో వారూ అడగలేదు. కొడవటిగంటి కుటుంబరావు ఒక చేత ‘చందమామ’లో పిల్లలకు రాక్షసుల కథలు నడుపుతూ, రెండో చేత పెద్దలకు వాటి గుట్టు విప్పేవాడు. రెండూ ఒక మనిషికి సాధ్యమే. మనమే ఒక చెయ్యి మరచిపోయాము.

నేను ఎరిగిన రావణుడు వేరు. చిన్నతనంలో దేవరుప్పుల ప్రాంతపు ఊళ్లో చిందు భాగవతం చూసేవాణ్ణి. చిందువారు మాదిగల మీద ఆధారపడిన కులం. ఊరి చివర దిగుతారు, ఊరి నడుమ ఆడతారు. ముఖానికి అర్దళం, తలమీద చెక్క కిరీటం. పగలు గడీ ముందు చెప్పులు చేత పట్టుకు నడిచిన మనిషి రాత్రి రావణుడై కొలువుదీరేవాడు. పద్యం అయిపోగానే వచనంలోకి దిగి, సరిగ్గా మా ఊరి దొర యాసలో, “ఎవడ్రా అక్కడ, వెట్టికి రాని లం... లంకావాసి?” అని తిట్టు మింగి గద్దించేవాడు. మా ముసలమ్మలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవారు. దొర కూడా నవ్వేవాడు, తెల్లారి గింజలు కొలిపించేవాడు. ఈ చివరి వాక్యం దాచిపెట్టి చిందును విప్లవమనడం నాకిష్టం లేదు. ఐనా ఆ ఒక్క రాత్రి రావణుడు ఎవరో అందరికీ తెలిసేది. 2024లో ఈ కళకు గాను పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య ఈ దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి మనిషే. రావణ వేషం మీద దేశం తర్కించిన రోజులలో చిందువాణ్ణి ఒక్క మాట అడుగుదామని ఎవరికీ తోచలేదు.

అదే మండలంలో కడవెండి ఉన్నది. 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినది అక్కడ. ఆ దేశ్‌ముఖ్ కింద సుమారు 40 వేల ఎకరాలున్నట్లు సుందరయ్య రాశాడు. కొమరయ్యకంటే ముందే, అదే దేశ్‌ముఖ్‌తో భూమికోసం కోర్టులో తలపడి హత్యకు గురైనవాడు కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ‘మా భూమి’ నాటకానికి ప్రేరణ ఆ బందగీ. ఆ తర్వాత 1980 ప్రాంతంలో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ చిత్రంలో దొరకు పదితలల హంగు లేదు, పేరుమోసిన తార లేడు. గడీ ఉన్నది, పట్టాలున్నాయి, వెనక నైజాము సర్కారు ఉన్నది. జనం ఆ దొరను చూసి ముగ్ధులై ఇంటికి పోలేదు.

నైజాము ముస్లిం గదా అని ఎవరైనా అందుకోవచ్చు. అవును, విసునూరు దొర హిందువు గదా! బందగీ ముస్లిం గదా! ఇద్దరూ కలిసి దోచారు, ఇద్దరి చేతా దోపిడి పడ్డవారు కలిసి తిరగబడ్డారు. జనగామ నేలమీద నిలబడి రావణుడికి తురక గడ్డం అతికించడమంటే బందగీ సమాధిని తవ్వి దొర గడీకి మట్టి మోయడమే. మానుకోటలో ఆనాడు నేను చెప్పవలసిన మాట ఇది. పుస్తకాలు సర్దుకుని వెళ్లిన ఆ కుర్రవాడు మరునాడు క్లాసుకు వచ్చాడు గాని, ఆ బల్లదగ్గర మళ్లీ కూర్చోలేదు.

మా జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ జిల్లాలైనది 2016 అక్టోబరు 11న, అది కూడా దసరానాడే. మా చిన్నప్పుడు దసరా అంటే జమ్మి, పాలపిట్ట. రావణుణ్ణి కాల్చడం ఎరుగము. ఇప్పుడు ప్రతి పట్టణానికీ ఒక రావణుడు. మొన్నటి దసరాకు ముందు భూపాలపల్లి బొగ్గుగని కార్మికుల కాలనీలో ఒక మిత్రుణ్ణి చూడబోయినప్పుడు, మైదానం మూల బోర్డులు రాసే పెయింటరు ఒకాయన రావణుడి ముఖాలకు రంగు వేస్తున్నాడు. పది తలలకూ పెద్ద పెద్ద మీసాలు. గడ్డం లేదు. పండుగ జరిపించేవారు సినిమా రావణుడిలాగా గడ్డం పెట్టమన్నారట. “మరి పెట్టలేదేం?” అన్నాను.

“మా తాత దొర కాడ జీతమున్నడు సారూ,” అన్నాడాయన, కుంచె తీయకుండానే. “నేను చూసిన ఫోటువల మీసాలే ఉన్నయి.”