రిమ్ముల చప్పుడు, స్లిమ్ రివర్ ట్యాంకులు

ఇస్నాపూర్ చౌరస్తాలో షిఫ్టు మారే వేళ పాశమైలారం వైపు మళ్లే సైకిళ్లను చూస్తే ఎవరికీ యుద్ధం గుర్తుకు రాదు. అక్కడికి దగ్గర్లోని ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో మాత్రం సైన్యానికి బీఎంపీ-2 కవచ వాహనాలు తయారయ్యాయి. సైకిలూ ఉక్కు బండీ ఒకే రోడ్డు మీద కలిసి దండెత్తిన యుద్ధం ఒకటుంది. ఆ రోడ్డుకు అడ్డంగా నిలిచింది హైదరాబాద్ పేరు మోసిన పటాలం.

సైన్యాలు సైకిలును మొదట గుర్రానికి బదులుగా చూశాయి. గడ్డి, దాణా అక్కర్లేదు కదా! 1897లో అమెరికా 25వ పదాతి దళంలోని నల్లజాతి సైనికులు మిసౌలా నుంచి సెయింట్ లూయిస్ దాకా సుమారు 3,000 కిలోమీటర్లు తొక్కారు. మన ఊళ్లలో బీఎస్ఏ అంటే సైకిలే. బర్మింగ్‌హామ్‌లో అది ఒకప్పుడు తుపాకుల కంపెనీ. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ సైనికులకు మడత సైకిలు చేసిచ్చిందీ అదే.

1941 డిసెంబరు 8న జపాన్ సేనలు మలయాలోని కోటా బారులో దిగాయి. అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది నిజాం సంస్థానపు ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. జపాన్ వాళ్లకు లారీలు తక్కువ, డివిజనుకు సుమారు 6,000 సైకిళ్లు. యుద్ధానికి ముందే జపాన్ సైకిళ్లు మలయా బజార్ల నిండా ఉండేవి కాబట్టి విడిభాగాలకు కొదవ లేకపోయింది. బ్రిటిష్ సేన వంతెనలు పేల్చుకుంటూ వెనక్కి తగ్గితే, సైకిలు సిపాయి భుజానికెక్కి వాగు దాటేది. ఎండకు టైర్లు పేలితే వట్టి రిమ్ముల మీదే తొక్కారు. రాత్రిపూట తారు రోడ్డు మీద ఆ రిమ్ముల గరగర విని, ట్యాంకులొస్తున్నాయని అవతలివాళ్లు బెదిరిపోయారని జపాన్ సైనికాధికారి త్సుజీ మసనోబు రాశాడు.

మలయా యుద్ధమనగానే అందరూ చెప్పే కథ ఇదే. నాకు ఈ కథ మీద కోపం. 1942 జనవరి 7 తెల్లవారుజామున స్లిమ్ రివర్ దగ్గర 19వ హైదరాబాద్ రెజిమెంటు నాలుగో బెటాలియన్ మీదికి వచ్చినవి నిజమైన ట్యాంకులు. చీకట్లో, వాటిని ఆపే ఫిరంగులు చాలక, ఆ పటాలం కొద్దిసేపట్లోనే చెదిరిపోయింది. వాళ్లలో జాట్లు, అహీర్లు, కుమావూనీలే ఎక్కువ. అయినా నిజాం కంటింజెంట్ నుంచి వచ్చిన పేరు వాళ్లది. 1945లో ఆ రెజిమెంటు పేరు కుమావూన్‌గా మారింది. హైదరాబాదులో వాళ్లను తలుచుకునేవాళ్లు కరువయ్యారు. సైకిలు చప్పుడుకు బెదిరినవాళ్ల లెక్కలో వీళ్లనూ కలిపేయడం అన్యాయం.

సైకిలు అసలు బలం చప్పుడులో కాదు, బరువు మోయడంలో ఉంది. దాన్ని పూర్తిగా వాడుకున్నది 1954లో దియెన్ బియెన్ ఫూలోని ఫ్రెంచి స్థావరం మీద పోరాడిన వియత్నాం జనం. వాళ్లు సీటు జోలికే పోలేదు. హ్యాండిలుకు పొడవాటి వెదురు కర్ర కట్టి, సీటు గొట్టంలో మరో కర్ర నిలిపి, ఫ్రేముకు రెండు పక్కలా బియ్యం మూటలు వేలాడదీసి, పక్కన నడుస్తూ తోశారు. పాల క్యాన్లు కట్టిన సైకిలును మనవాళ్లు ఎత్తు మీదికి తోసినట్టు. ఒక్కో సైకిలు 200 కిలోలకు పైగా మోసింది. విమానాలు బాంబులేసి రోడ్లను గుంతలు చేస్తే, లారీలు ఆగినచోట ఇవి గుంత పక్కనుంచి సాగిపోయాయి. మే 7న ఆ స్థావరం పడిపోయింది.